జయమణి మోటారు, రామలక్ష్మమ్మ మీటరు

గోపాలపట్నంలో మేం అద్దెకున్న ఇంట్లో మూడు వాటాలు, ఒకటే కరెంటు మీటరు. ఆ మీటరు ముందు వాటాలో ఉండే ఇంటామె రామలక్ష్మమ్మ వరండాలో, చెక్క పెట్టెలో, తాళం వేసి ఉండేది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. ఆ పెట్టె లోపల ఏముందో మేమెవరం చూసి ఎరగం. దెబ్బలాటలు మాత్రం అన్నీ దాని గురించే.

దెబ్బలాటలంటే నాకు సరదా, అబద్ధమెందుకు. మధ్య వాటాలో ఉండేదాన్ని కనుక రెండు వైపుల మాటలూ చక్కగా వినిపించేవి. కానీ ఎనభై ఒకటో సంవత్సరంలో జయమణి మోటారు మీద వచ్చిన దెబ్బలాట అలాంటిది కాదు.

జయమణి వెనక వాటాలో ఉండేది. భర్త దయానందం పోర్టులో కలాసీ. ఆమె పుట్టింది భీమిలిలో. అక్కడే చర్చి వాళ్ల బళ్లో కుట్టుపని నేర్చుకుంది. మనిషికి నోరెంత జోరో చెయ్యీ అంత జోరు. గుడ్డ ఇలా విప్పి చూపించామో లేదో, "ఇందుల రెండు జాకెట్లు వత్తాయి వదినా, ఒకటేనని ఎవులు సెప్పేరు నీకు?" అని కసిరి, కత్తెర తీసేసేది. ఆ వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. ఎవరు లావెక్కారో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది, వెంటనే మాకూ తెలిసేది.

అటువంటి మనిషి ఆ ఏడాది వానల్లో నూతి చప్టా మీద జారిపడింది. మోకాలు పోయింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టి, నడవచ్చు గానీ మిషను మాత్రం తొక్కకూడదన్నారు. మూతపెట్టిన మిషను పక్కనే కూర్చుని, వచ్చినవాళ్లను వెనక్కి పంపేది. కొన్నాళ్లకు వాళ్లూ రావడం మానేశారు. ఆ నోరు కూడా మూతపడింది. నాకెంత బాధేసిందంటే, నన్ను తిట్టించుకోవడానికి కావాలని పాత గుడ్డలు పట్టుకెళ్లాను. ఆమె తిట్టలేదు.

దసరా ముందు దయానందం పాత పోస్టాఫీసు దగ్గర ఎవరి దగ్గరో ఒక మోటారు కొనుక్కొచ్చాడు. కొబ్బరికాయంత ఉంది. దాన్ని మిషనుకు బిగించి, కాలి దగ్గర చిన్న పెడలు పెట్టాడు. మంచి కాలి వేళ్లతో నొక్కితే చాలు. మోటారు బుర్రుమనగానే జయమణి కెవ్వున అరిచింది. నవ్వింది. ఏడ్చింది. ఆ ఊపులో మా ఇంట్లో చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, చివరికి నా గుడ్డ సంచి కూడా అడక్కుండా లాక్కెళ్లి కుట్టి పారేసింది. "వదినా, నాను బతికేనే!" అంది.

తరవాత కరెంటు బిల్లు వచ్చింది.

రామలక్ష్మమ్మ కాగితం గాలిలో ఊపుకుంటూ వెనక వాటాకి వచ్చేసింది. ఆవిడ సబ్బవరం దగ్గర రైతు కుటుంబం మనిషి. భర్త తవిటయ్య పోర్టులో సరుకులెత్తే వించి డ్రైవరుగా చేసి ఈ ఇల్లు కట్టి, అంతకు రెండేళ్ల ముందు పోయాడు. అప్పటి నుంచి ఆవిడకు ఆ ఇల్లే మొగుడు, ఆ ఇల్లే పిల్లలు.

"ఏటే ఇది? మోటారెట్టి నా కొంప ముంచేసేవు! ఆ మోటారైనా తియ్యి, ఇల్లైనా ఒగ్గీ. ఒకటో తారీకు నాటికి రెండిట్ల ఒకటి అయిపోవాల!"

"నా మోటారు పెద్ద బల్బంత కరెంటే తాగుద్ది పెద్దమ్మా! అమ్మినోడు సెప్పేడు."

"అమ్మినోడు అలాగే సెప్తాడు. మోటారంటే మోటారే. నూతికాడ మోటారు నాను సూడనేదేటి? ఈదంతా ఊగిపోద్ది!"

ఇల్లు వదిలితే వీధీ పోతుంది, కుట్టించుకునేవాళ్లూ పోతారు. మోటారు తీసేస్తే మళ్లీ ఆ మూత పెట్టిన మిషనే. జయమణి ముఖం చూశాను. భయపడుతుందనుకున్నాను గానీ లేచి నిలబడింది.

"అయితే పెట్టి తియ్యి. మీటర్నే అడుగుదాం. నా మోటారొక్కటే ఏసి సూద్దాం, తరవాత పెద్ద బల్బొక్కటే ఏసి సూద్దాం. మోటారుకి ఎక్కువ తిరిగిందా, నానే ఎలిపోతాను."

అబ్బ! ఆదివారం జయమణి వాళ్లు చర్చి నుంచి రాగానే అని ముహూర్తం పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం వీధి సగం మా వరండాలోనే ఉంది. రామలక్ష్మమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. లోపల అద్దం వెనక అల్యూమినియం రేకు, దాని అంచున ఎర్రగీత. మూలమీది కిరాణా కొట్టు అబ్బులు మీటరు చూసేవాడితో బీడీలు పంచుకున్నవాడు కనుక, ఎర్రగీత ఎంత తొందరగా తిరిగొస్తే అంత కరెంటు కాలుతున్నట్టు అని అందరికీ పాఠం చెప్పి, లెక్కపెట్టే పని తనే తీసుకున్నాడు.

దయానందం వాచీ విప్పి ఇచ్చాడు. "మొగుడి వాచీ పెళ్లాం మాటే ఇంటాది" అని రామలక్ష్మమ్మ తీసుకోలేదు. పోనీ ఒక పాట పాడే అంతసేపు అని జయమణి గొంతు సవరించుకుంది. "నీ పాట నాకు తెల్దు. ఎక్కడ మింగుతావో ఏటో. అప్పన్న భజన నానే పాడతాను" అంది ఆవిడ. ఒప్పుకున్నారు. నేను మూడు వాటాలూ తిరిగి ఫ్యాన్లు, రేడియో, స్విచ్చులన్నీ ఆపి వచ్చాను.

వరండాలోకి తెచ్చిపెట్టిన మిషను ముందు కూర్చుని జయమణి పెడలు నొక్కింది. మోటారు బుర్రుమంది. రామలక్ష్మమ్మ సింహాచలం మెట్లెక్కేటప్పుడు పాడే భజన ఎత్తుకుంది. ఆ సాగదీత చూడాలి! ఒక్కొక్క పేరూ కొండ కింద మొదలై కొండ మీద ఆగుతోంది. అబ్బులు "ఐదు! ఆరు!" అని అరుస్తున్నాడు. భజన అయ్యేసరికి తొమ్మిది.

తొమ్మిదంటే ఎక్కువో తక్కువో మాలో ఎవరికీ తెలియదు. రామలక్ష్మమ్మకు తెలుసు. "సూసేరా! తొమ్మిది! రాక్షసి మోటారు!" అని చప్పట్లు కొట్టింది. రేకు అంత జోరుగా తిరగడం చూసి జయమణి మెల్లగా పెడలు మీద నుంచి కాలు తీసింది. మోటారు ఆగింది.

"ఆగనేదు!" అని అబ్బులు కేక పెట్టాడు.

"ఆపేసేనే!"

"మోటారు ఆగింది. రేకు ఆగనేదు!"

అందరం తోసుకుని చూశాం. నిజమే. కాస్త మెల్లగా అయినా ఎర్రగీత మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. మోటారు లేదు, బల్బు లేదు, ఫ్యాను లేదు. జయమణి కళ్లు మెరిశాయి. కుంటుకుంటూ రామలక్ష్మమ్మ వాటాలోకి దూసుకుపోయింది. వెనకే మేమంతా.

దేవుడి గదిలో అప్పన్న ముందు ఎర్ర జీరో బల్బు. పైడితల్లి ముందు ఆకుపచ్చది. తవిటయ్య ఫోటో ముందు ఒకటి, తులసికోట దగ్గర ఒకటి, మెట్ల కింద ఒకటి, గేదెల పాకలో ఒకటి, దసరాకి గుమ్మం చుట్టూ కొత్తగా వేలాడదీసినవి బోలెడు. పట్టపగలు, అన్నీ వెలుగుతున్నాయి. నేను స్విచ్చులు ఆపుతూ వాటి పక్క నుంచే వెళ్లాను. ఆపాలని నాకూ తోచలేదు.

"ఇయ్యేటి పెద్దమ్మా?"

"అయి జీరో బల్బులే! జీరోకి కరెంటు కాల్దు. ఆ మాత్రం తెల్దేటి?"

జయమణి ఒకటి ఆపింది. వరండాలోంచి అబ్బులు "తగ్గింది!" అన్నాడు. ఇంకొకటి. "తగ్గింది!" ఆ తరవాత వీధివాళ్లంతా తలో స్విచ్చు మీద పడ్డారు, అబ్బులు గొంతు పోయేలా అరుస్తున్నాడు. పెళ్లిలో కూడా అంత హడావిడి చూడలేదు నేను. తవిటయ్య ఫోటో ముందరి బల్బు జోలికి మాత్రం ఎవరం పోలేదు.

మళ్లీ భజన. ఈసారి రామలక్ష్మమ్మకు సాగదీసే ఓపిక లేదు. మోటారుకి మూడు. పెద్ద బల్బుకీ మూడే. "గెలిచేనే వదినా!" అని జయమణి నా మెడ పట్టుకుని ఊపేసింది.

చూస్తే రామలక్ష్మమ్మ లేదు. లోపల ఫోటో ముందు నిలబడి ఉంది. చెయ్యి స్విచ్చు మీద ఉంది.

"జీరోకి కరెంటు కాల్దని ఈయనే సెప్పేడు" అంది, మా వైపు చూడకుండా. "డూటీ నుంచి వొచ్చినప్పుడు ఇల్లు సీకటిగా ఉంటే ఈయనకి పడీది కాదు. దీపం ఎలగనీ, పైసా కాల్దు అనీవోడు. నాకు అబద్ధం సెప్పేడన్నమాట."

జయమణి వెళ్లి ఆవిడ చెయ్యి స్విచ్చు మీద నుంచి తీసింది.

"పెదనాయన ఎన్ని బల్బులెట్టమన్నాడు?"

"ఒకటే."

"ఒక్కదానికేటి కాలుద్ది? సంతెడు బల్బులు ఎలిగించింది నువ్వు, మాట ఆయన మీదికా?" అని వరండా వైపు తిరిగి కేకేసింది. "అబ్బులూ! ఈ ఒక్కటే ఎలుగుతంది. రేకు తిరుగుతందేటి, సూడు!"

అబ్బులు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. "తిరుగుతం..." అనబోయాడు. అప్పటికే వరండాలోకి వచ్చిన నేను అతని కాలు తొక్కాను.

"తిరగట్లేదు!" అని నేనే అరిచాను.

"ఇన్నావా పెద్దమ్మా? ఆయన సెప్పింది నిజమే."

తరవాత రామలక్ష్మమ్మ ముక్కు చీదిన చప్పుడు, బీరువా తీసిన చప్పుడు.

"ఒలే, ఏటలా నిలబడిపోయేవు? ఈ జాకెట్టు గుడ్డ సూడు. ఆ మోటారు మీదే కుట్టు. చేతులు కొంచెం ఒదులుగా ఉండాల."

"ఇందుల రెండు జాకెట్లు వత్తాయి. ఒకటేనని ఎవులు సెప్పేరు నీకు?" అని జయమణి కసిరింది.

నేను మీటరు వైపు తిరిగాను. ఎర్రగీత మెల్లగా, చాలా మెల్లగా అద్దం లోపలికి వస్తోంది. పెట్టె తలుపు మూసేశాను.