గడీ బావి కాగితం

మా దాదా చేతిరాతను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. మట్టెవాడలో మా ఇంటి గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన ఉర్దూ దువా ఆయన రాసిందే. చిన్నప్పుడు నా రాత వంకర్లు పోతే మా నాన్న చెవి మెలేసి ఆ ఫ్రేము ముందు నిలబెట్టేవాడు. అక్షరమంటే అదీ, చూసి నేర్చుకో అనేవాడు. బస్తీలో ఇప్పటికీ నన్ను మున్షీగారి మనవడనే అంటారు. ఉర్దూ మాస్టరుగా ముప్పై ఏళ్ళు చేసినా నా పరువంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

రిటైరయ్యాక స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊళ్ళో దొరల గడీ చరిత్ర రాసే పని నాకు వచ్చింది. గడీ కట్టించిన దొరకు మునిమనవరాలు హనుమకొండలో డాక్టరమ్మ. కూలిపోతున్న గడీని బాగుచేయించి పెళ్ళిళ్ళకు ఇవ్వాలని, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఒక పుస్తకం ఉండాలని ఆమె కోరిక. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి. "మీ దాదాగారు మా గడీలో మున్షీ కదా సార్, మీరు తప్ప ఇంకెవరు రాస్తారు?" అంది. కారు పంపించేది. గడీలో దొర కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టేది. మా దాదా అదే గదిలో నేలమీద చాప వేసుకుని రాసేవాడట. నాకు కళ్ళు నెత్తికెక్కడానికి అంతకంటే ఏం కావాలి?

మొదటి దొర రెండు నిలువుల మట్టిగోడ, డంగుసున్నం మేడ, టేకు దర్వాజా పెట్టించి గడీ కట్టాడు. రాళ్ళు మోసింది ఊరంతా, వెట్టికి. రెండో దొరకు గుర్రాల పిచ్చి, మామిడితోట పిచ్చి. ఆయన కాలంలో గడీ ముందు నుంచి ఎవరు నడిచినా చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. ఊరు తిరగబడినప్పుడు మూడో తరం రాత్రికి రాత్రి బండి కట్టుకుని హైదరాబాదు చేరింది. గడీలో మిగిలిన కాగితాలను ఊరివాళ్ళు తగలబెట్టారు. ముందే హనుమకొండ చేరిన ఒక్క ట్రంకుపెట్టె మిగిలింది. ఇదంతా నేను పుస్తకంలో రాశాను. గుర్రాలకు రెండు పేజీలు పోయాయి, చెప్పులకు అర వాక్యం.

నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒక పెద్దామె వచ్చి దర్వాజా దగ్గర కూర్చునేది. డెబ్బై దాటినా పత్తి చేనుకు పోయి వచ్చే మనిషి. గడీ తోటలోని పెద్దబావి వాళ్ళ తాత తవ్వించుకున్నదట, అదీ తన సొంత మడిలో. ఆయన తాగుడుకు బావినీ మడినీ దొరకు రాసిచ్చాడని ఊళ్ళో పాత మాట. "కల్లుకు బాయి ఇచ్చినోని ఇల్లు" అని పెళ్ళిళ్ళలో వాళ్ళ నాన్నను దెప్పారు. నల్లా దగ్గర గొడవ వస్తే ఇప్పటికీ ఈమెను అంటారు.

"సారూ, ఆ పెట్టెల మా తాత కాయితం ఉంటదా? నాకు భూమి వద్దు, బాయి వద్దు. ఆయన తాగి ఇచ్చిండా లేదా, గంతే చెప్పుండ్రి" అని అడిగింది.

వెతుకుతానని మాటిచ్చాను. నెల తిరక్కుండానే దొరికింది.

రెండు కాగితాలు, కలిపి దారంతో కుట్టి ఉన్నాయి. రెండూ మా దాదా రాతే. మొదటిది కొట్టివేతలున్న చిత్తుప్రతి. ఈ ఎండాకాలం వరకు నా బావి నీళ్ళు గడీ తోటకు వాడుకోవచ్చు, వానలు పడగానే బావి ఎప్పటిలాగే నాది అని అందులో ఉంది. రెండోది శుభ్రంగా రాసిన అసలు ప్రతి. బావినీ, దాని చుట్టూ ఉన్న మడినీ నా ఇష్టంతో, సంతోషంతో దొరగారికి నజరానాగా ఇచ్చుకుంటున్నాను అని ఉంది. కింద వేలిముద్ర. ఆ కాలపు కాగితాలన్నిటికీ చివర ఉండే వాక్యమే దీనికీ ఉంది: చదివి వినిపించడమైనది, విని ఒప్పుకున్నాడు. దాని కింద మా దాదా సంతకం.

ఉర్దూ రాని రైతుకు ఏ కాగితం చదివి వినిపించారో, ఏ కాగితం మీద వేలు పెట్టించారో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దొర హుకుం అయి ఉంటుంది, కాదంటే మా దాదాకు పుట్టగతులుండేవి కావు అనుకున్నాను. ఆ మాట చాలాసార్లు అనుకున్నాను. దేవుణ్ణి వేడుకునే దువా రాసిన చెయ్యే ఇదీ రాసిందన్న సంగతి మాత్రం మింగుడుపడలేదు.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కూడా ఉంది. పెద్దామె వచ్చి నా ముందు కూర్చుంది. నేను చిత్తుప్రతిని మడిచి ఫైలు అడుగున పెట్టాను. రెండో కాగితం మాత్రం తీసి, గొంతు సవరించుకుని, తెలుగు చేసి చదివాను.

"సంతోషంగ ఇచ్చిండా? తాగి గాదు గద?"

"కాదక్కా. సంతోషంగనే ఇచ్చిండు."

ఆమె కొంగు కళ్ళకు అద్దుకుంది. "మా నాయిన ఉంటె బాగుండు, ఇనేటోడు" అంది. ఇంటికి పోయి కాల్చిన మక్కకంకులు తెచ్చి, పీచు కూడా తనే తీసి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. రుచిగా ఉన్నాయని కూడా అన్నాను. సిగ్గులేని మనిషిని.

పుస్తకంలో ఆ బావికి ఒక పేజీ ఇచ్చాను, రైతు ప్రేమతో ఇచ్చిన కానుక అని. పుస్తకం విడుదల రోజున డాక్టరమ్మ పెద్దామెను బావి దగ్గర నిలబెట్టి శాలువా కప్పింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ఆ తర్వాత ఇంట్లో ఆ ఫ్రేము వైపు చూడలేకపోయాను. హనుమకొండ చౌరస్తాలో మక్కకంకుల బండి కనబడితే రోడ్డుకు అవతలి వైపు నడిచేవాణ్ణి. మా ఆవిడ నాకు షుగరు పెరిగిందేమోనని దవాఖానకు తీసుకుపోయింది. ఐదు నెలలు అలా గడిచాక రెండు కాగితాలనూ జిరాక్సు తీయించి ఘన్‌పూర్ బస్సెక్కాను, అక్కడి నుంచి ఆటోలో ఊరికి చేరాను.

పెద్దామె ఇంట్లో దేవుళ్ళ పటాల పక్కన నా పుస్తకంలోని ఆ పేజీ ల్యామినేషన్ చేయించి పెట్టి ఉంది. "మంచిగొచ్చిండ్రు సారూ. మా ఆడిబిడ్డ ఇనలేదట. జర మల్లొక్కసారి సదువుండ్రి" అంటూ ఆ పేజీ తీసి నా చేతికివ్వబోయింది.

నేను దాన్ని అందుకోలేదు. జేబులోంచి చిత్తుప్రతి తీసి చదివాను. ఎండాకాలం వరకు అన్న మాటను రెండుసార్లు చదివాను. అసలు జరిగింది ఇదీ అని చెప్పాను. రాసింది మా దాదానే అని కూడా చెప్పాను.

పక్కనే కూర్చున్న ఆడబిడ్డ ఏదో అనబోతే పెద్దామె చేత్తో ఆపింది.

"గా దినం నాకు సదివి ఇనిపిచ్చినప్పుడు గిది మీకు ఎరికేనా?"

"ఎరికే అక్కా."

"మీ తాతకు దొర బెదురు ఉండె. మీకు ఎవల బెదురున్నది సారూ?"

ఎవరి బెదురూ లేదు. మున్షీగారి మనవడన్న పేరు పోతుందని తప్ప నాకు ఏ భయమూ లేదు. ఆమె తాత పరువూ మా దాదా పరువూ ఒకే పెట్టెలో దొరికితే నేను మాది తీసుకుని ఇంటికి పోయాను.

ఆమె ఆ పేజీని పటాల పక్కన పెట్టలేదు, బోర్లించి బియ్యం డబ్బా మీద పెట్టింది. "ఆ రెండు కాయితాలు ఈడ పెట్టి పోండ్రి. ఉర్దూ వచ్చినోళ్ళు ఇంకెవలన్న ఉంటె సదివిపిచ్చుకుంట" అంది.

ఘన్‌పూర్‌లో మసీదు పక్కన ఒక ముసలి దర్జీ ఉన్నాడని, ఉర్దూ బాగా చదువుతాడని చెప్పాను.

"మీకు చుట్టమైతడా?"

"కాడక్కా."

"అట్లయితె సరే" అని కాగితాలు తీసుకుంది.