ఏ ఆర్ వేయాలి

పదకొండో తరగతిలో నేను కెమిస్ట్రీ సార్ మాట వినలేదు. పొగరని క్లాసంతా అనుకుంది. అనుకోనీ అనుకున్నాను.

ఎనభైల చివర్లో సంగతి. బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాన్న ఫిట్టరు, షెడ్డులో బోగీల బ్రేకులు చూసేవాడు. యూనిట్ టెస్టులో ఒక లెక్క వచ్చింది. పది లీటర్ల సిలిండరులో రెండు మోల్‌ల వాయువు ఉంది, ఉష్ణోగ్రత మూడు వందల కెల్విన్, పీడనం ఎన్ని అట్మాస్ఫియర్లు? సూత్రం అందరికీ వచ్చు. అందులో ఆర్ అనే గ్యాస్ స్థిరాంకానికి ఏ విలువ వేయాలన్నదే గొడవ. లెక్కలో లీటర్లు, అట్మాస్ఫియర్లు ఉన్నాయి కనుక నేను 0.0821 వేశాను. 4.93 వచ్చింది. సార్ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 8.314 అని రాశారు. ఆయన జవాబు దాదాపు 499.

పేపరు పట్టుకుని వెళ్లాను. "సార్, లీటర్లు ఉంచి 8.314 వేస్తే వచ్చేది కిలోపాస్కల్స్. అడిగింది అట్మాస్ఫియర్లు కదా" అన్నాను హిందీలో.

"కాన్‌స్టంట్ హై. కాన్‌స్టంట్ బదలేగా క్యా?" అన్నారాయన. స్థిరాంకం ఎక్కడైనా మారుతుందా అని. "ఆర్ అంటే 8.314. యాభై సార్లు రాసుకురా."

ఇంట్లో చెబితే అమ్మ భయపడింది. "మాస్టారితో నీకేటే పంతం? ప్రాక్టికల్ మార్కులు ఆయన సేతిలోనే ఉన్నాయి. రాసీయే, అయిపోద్ది."

నాన్న చెప్పులు విడుస్తూ అడిగాడు. "నీకెంతొచ్చింది?"

"అయిదుకి కొంచెం తక్కువ. ఆయనది అయిదొందలు."

"మా బ్రేకు పైపులో గాలి అయిదు కేజీలుంటాది. రోజూ గేజిలో సూస్తాను. అయిదొందలైతే పైపు మిగులుతాదేటి?" గేజిలో కేజీ అంటే ఇంచుమించు ఒక అట్మాస్ఫియరే. చెప్పులు గోడ వారన పెట్టి అన్నాడు. "తప్పని తెలిసి రాయకమ్మా."

రాయలేదు. రాయలేదనే చెప్పాను. సార్ నన్ను వరండాలో నిలబెట్టారు. మర్నాడూ అంతే. కిటికీలోంచి చూస్తూ నోట్సు రాసుకున్నాను. కాళ్లు లాగాయి, ఏడుపూ వచ్చింది. కానీ లోపలికి పిలవమని అడగలేదు.

మూడో రోజు సార్ సుద్దముక్క చేతికిచ్చి, "చేసి చూపించు" అన్నారు. తప్పు చేస్తానని ఆయన ధీమా కాబోలు. బోర్డు మీద రెండు పక్కలా చేశాను. ఒక పక్క 0.0821 వేసి 4.93 తెచ్చాను. రెండో పక్క 8.314 వేసి, ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాసుకుంటూ 499 కిలోపాస్కల్స్ తెచ్చాను. దాన్ని అట్మాస్ఫియర్‌కి 101.3 చొప్పున భాగించాను. అక్కడా 4.93.

"ఆర్ మారలేదు సార్. కొలత మారింది, అంకె మారింది" అన్నాను.

సార్ బోర్డు తానే తుడిచారు. "బైఠ్ జావో" అన్నారు. కూర్చున్నాను. కొట్టేసిన మార్కులు మాత్రం ఇవ్వలేదు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తర్వాత చూద్దామన్నారు.

ఏడాది చివర ప్రాక్టికల్స్‌లో నాకు అత్తెసరు మార్కులు వచ్చాయి. కారణం ఎవరూ చెప్పలేదు.

"నాను సెప్పలేదా?" అంది అమ్మ.

"చెప్పావమ్మా" అని, ఆ మార్కుల కాగితం దాచకుండా తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను.