డ్రై అంటే ఎండు

నాకు కుక్కలంటే పడదు. కారంపూడిలో చిన్నప్పుడు మా వీధి కుక్క ఒకటి నా పిక్క పట్టుకున్న దగ్గరనుంచి, తోక ఊపుతూ వచ్చే కుక్కను చూసినా నాకు దాని పళ్లే కనబడతాయి. అలాంటిదాన్ని ఒక కుక్క గురించి రాయడానికి కూర్చున్నానంటే అది కుక్క గొప్ప కాదు, మా తోడికోడలు గ్రేసమ్మ గొప్ప.

ఆమెది నకరికల్లు. వాళ్ల నాన్న మిరపతోటలకు కాపలా ఉండేవాడు కాబట్టి ఇంట్లో నలుగురు పిల్లలకు మూడు కుక్కలు. ఎంత కోపిష్టి కుక్కనైనా చూసి “ఏందిరా నీ గోల” అంటే చాలు, అది చెవులు వంచేసేది. మా బావ దేవదాసును చేసుకుని కాపురానికి వచ్చిన వారంలోనే మా వీధి కుక్కలన్నీ మా గడప ముందు చేరాయి. “ఈ పిల్ల మావాణ్ని చూసి వచ్చిందా, ఊరకుక్కల్ని చూసి వచ్చిందా” అని మా అత్త దెప్పేది. గ్రేసమ్మక్క నవ్వేది. దెప్పితే నవ్వడం, తిడితే ఇంకా నవ్వడం ఆమె పద్ధతి. నాకైతే ఒళ్లు మండేది, నేనైతే ఒకటికి రెండు అనేదాన్ని.

సాగర్ డ్యామ్ పని మొదలయ్యాక వాళ్లిద్దరూ కుడిగట్టు కాలనీకి, అదే విజయపురి సౌత్‌కి, కూలికి వెళ్లారు. మూడో ఏడు రాయి పడి బావ కాలు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. ఇక ఇంటి బరువంతా అక్క నెత్తిమీదికే వచ్చింది, ఇది మాటవరసకు అనడం కాదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మట్టితట్ట మోసి మోసి ఆమె నడినెత్తిన జుట్టు పలచబడింది. పందొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవి సెలవుల్లో నేను చూడటానికి వెళ్తే, కొంగు తీయకుండా దువ్వెన పక్కన పెట్టేసింది. నేనప్పటికి కారంపూడి మిషన్ బడిలో పంతులమ్మను. కొంగు జారినప్పుడు ఆ నెత్తి చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం, “దువ్వే పని తప్పిందే ప్రేమా” అంది.

నేను వెళ్లిన మర్నాడే కాలనీలోకి ఒక ఇంజనీరుగారు దిగారు. తమిళాయన. తెలుగు అర్థమయీ కానట్టుగా అర్థమయ్యేది, మాట్లాడటం మాత్రం రాదు. ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు ఆయనది. భార్య పురిటికి మద్రాసులోనే ఉండిపోయింది. ఆయన వెంట వచ్చింది ఒక ట్రంకు పెట్టె, ఒక అల్సేషన్ కుక్క. దాని పేరు డ్యూక్. మూడో రోజునే టెలిగ్రాం వచ్చింది, భార్యకు బాగాలేదని. ఆయన ప్రయాణానికి సిద్ధమయ్యారు. మరి కుక్కను ఎవరు చూస్తారు? మేస్త్రీలు నలుగురు కర్రలు పట్టుకుని వచ్చారు. అది ఒక్కసారి గుర్రుమనేసరికి నలుగురూ నాలుగు దిక్కులు పట్టారు. అప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న గ్రేసమ్మక్క ఆగి, “ఏందిరా నీ గోల” అంది. అది కూర్చుంది.

ఇంజనీరుగారు గుమస్తా చేత చెప్పించారు: నెల రోజుల్లో తిరిగి వస్తాను, కుక్క నిక్షేపంగా ఉంటే గెస్ట్‌హౌస్‌లో ఖాళీగా ఉన్న వంటమనిషి ఉద్యోగం నీదే, దానికేమైనా అయితే మాత్రం ఈ కాలనీలో నీకు పనే ఉండదు. నెలజీతం, నీడపట్టున పని. అక్క నెత్తిమీది తట్ట దించి పక్కన పెట్టింది.

జీపు ఎక్కబోతూ ఆయన ఒక కాగితం మీద రెండు ముక్కలు గీకి ఇచ్చి, లోపలి అలమారవైపు చెయ్యి చూపి, “ఎల్లాం ఇరుక్కు, ఎల్లాం ఇరుక్కు” అని రెండుసార్లు అన్నారు. గుమస్తా కూడా అదే జీపులో మాచర్ల వెళ్లిపోయాడు.

“ఏందంట?” అంది అక్క.

“ఇల్లు ఇరుకుగా ఉందంటున్నాడు.”

“నాలుగు గదులుంటే ఇరుకా! మన గుడిసె చూస్తే ఏమంటాడో.”

అరవంలో ఆ మాటకు ‘అంతా ఉంది’ అని అర్థమని నాకేం తెలుసు? కానీ ఇంగ్లీషు తెలుసుననే గర్వం మాత్రం నాకు దండిగా ఉండేది. కాగితం అందుకుని, బడిలో చదివినట్టు చదివాను. “డ్రై ఫుడ్ ఓన్లీ. నెవర్ రా.”

“ఎక్కడికి రావొద్దంట?”

“ఆ రా కాదక్కా. రా అంటే పచ్చిది. డ్రై అంటే ఎండు. ఎండు తిండే పెట్టాలి, పచ్చిది ఎప్పుడూ పెట్టకూడదు.”

“అంతేగా,” అంది అక్క. ఆ కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టుకుంది.

అలమారలో ఒక రేకు డబ్బా ఉంది. మూత చుట్టూ జిగురు కాగితం అతికించి ఉంది, పైన గొడుగు పట్టుకున్న దొరసాని బొమ్మ. కదిపితే లోపల గలగలమంది. దొరలు తినే బిస్కెట్లు! నాకు నోరూరింది. “ఒక్కటే తీసుకుని మళ్లీ అతికిద్దాం అక్కా” అని చెయ్యి చాపాను. ఆ చేతిమీద ఫట్టున ఒకటిచ్చింది. “పరాయోళ్ల సొమ్ము. ఆ డబ్బా వైపు చూశావంటే కారంపూడి బస్సెక్కిస్తా.” నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. కుక్క తినదు. జొన్నసంగటి మజ్జిగలో పిసికి పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. వరన్నంలో పాలు పోస్తే పాలు నాకి అన్నం వదిలేసింది. నాలుగో రోజుకు దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గేటు వైపు చూస్తూ పడుకునేది. నాకే జాలేసింది, ఇంకా ఏం చెప్పను!

కాలనీ బజారులో మాంసం కొట్టే అబ్దుల్ మజీద్ చూడటానికి వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం. “అక్కా, ఇది తోడేలు జాతిది. సంగటి తినిద్దా? పచ్చివి రెండు తునకలు వెయ్యి. పొద్దుటికి లేచి గంతులెయ్యకపోతే నా పేరు మజీదు కాదు.”

అటువైపు గొర్రెలు తోలుకుపోతున్న ముసలి పున్నయ్య ఆ మాట విని కర్ర ఆనించి నిలబడ్డాడు. “వాడి మాట వినబాక అమ్మాయ్. పచ్చి రుచి మరిగిన కుక్కను మందలో ఉంచం. ఇయ్యాల తునక తింటది, రేపు పిల్లను పట్టిద్ది. మా కుక్కలు తోడేళ్లను తరిమింది సంగటి తినే.”

“నీ కుక్కలు తరిమినయ్యా? తోడేలే నీ కుక్కల్ని చూసి జాలిపడి పోయుంటది.”

“ఒరేయ్, నువ్వు మాంసం అమ్ముకునేటోడివి, అందుకే మాంసం పెట్టమంటన్నావు.”

“నువ్వు గొర్రెలున్నోడివి, అందుకే వద్దంటన్నావు.”

ఇద్దరూ అరుచుకుంటుంటే డ్యూక్ లేచి వచ్చి పొట్లం ముందు కూర్చుంది. నోట్లోంచి చొంగ కారుతోంది. అక్క పొట్లం వైపు చూసింది, కుక్క వైపు చూసింది. “వద్దు మజీదూ. అయ్యగారు రాసిచ్చారు. పచ్చిది పెట్టకూడదు” అని పొట్లం తిరిగి ఇచ్చేసింది. కుక్క ఆమె మొహంలోకి చూసి మళ్లీ గేటు దగ్గరకు పోయి పడుకుంది. అక్క వసారాలో కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. “ఉద్యోగం పోతే పోయిద్దే. తట్ట ఇంకెక్కడైనా మోసుకుంటా. నన్ను నమ్మి వదిలిపోయిన జీవం నా చేతుల్లో పోతే ఆ పాపం ఎక్కడ కడుక్కోను?”

మజీదు ఇంకా గేటు దాటకముందే ముక్కు చీది, “ఆ కాయితం మళ్లా చదువు” అంది.

చదివాను.

“ఎండుది పెట్టొచ్చు. పచ్చిది పెట్టకూడదు. అంతేనా?”

“అంతే.”

“మాంసం పెట్టొద్దని ఉందా?”

వెనకా ముందూ తిప్పి చూశాను. “లేదక్కా.”

ఆమె లేచి నిలబడింది. మొహమంతా నవ్వు. “ఓసి పిచ్చిదానా, ఇంత చదువు చదివి చెప్పవేమే! ఒరేయ్ మజీదూ, ఆగు!”

మా ఇళ్లలో తెలియని పనా అది! ఎప్పుడైనా మాంసం ఎక్కువ దొరికితే పొడుగ్గా తునకలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తాం. వానాకాలంలో నిప్పులమీద కాల్చుకుంటే ఆ వాసనకు వీధి చివరివాళ్లు కూడా పలకరించడానికి వస్తారు. కుక్కకని అక్క పసుపు మానేసి, ఉప్పు చేత్తో తాకించి వదిలింది. ఇంజనీరుగారి వంటింట్లోకి అడుగైనా పెట్టకుండా పెరట్లోనే కోసింది. ఆరేయడానికి మాత్రం పెరట్లో ఉన్నది ఒకే ఒక్క తీగ, ఆయన పంచెలు ఆరేసుకునేది. దానిమీదే వేసింది. పల్నాటిలో దేనికి కరువున్నా ఎండకు లేదు. మర్నాటి సాయంత్రానికి తునకలు కొయ్యముక్కల్లా అయ్యాయి. రెండు రోజులూ డ్యూక్ ఆ తీగ కింద నుంచి కదల్లేదు. ఒక్క కాకిని వాలనిస్తే ఒట్టు.

అక్క ఒక తునక తీసి పైకెత్తింది. “ఒరేయ్ దూకూ!”

డ్యూక్ అనే పేరు ఆమె నోట్లో మొదటినుంచీ దూకే. ఆ కుక్కకు తెలుగు ఏం అర్థమైందో గానీ, ఆమె అన్నట్టే దూకింది. తునకను గాల్లోనే అందుకుంది. కరకరమని నమిలిన చప్పుడు విని అక్క చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, కొంచెం దూరంగా నిలబడి.

ఆ తరవాత రోజూ అదే ఆట. దూకు అంటే దూకడం, తునక తినడం, ఆనక మజ్జిగ సంగటి కూడా నాకేయడం. పున్నయ్య వచ్చి “సంగటి తింటంది చూశావా” అని మీసం తిప్పేవాడు. మజీదు వచ్చి “తునకే గదా తాతా లేపింది” అనేవాడు. ఇద్దరూ గెలిచినట్టే ఇంటికి పోయేవారు. కుక్క ఒళ్లు నిగనిగలాడింది. ఆ నెలంతా కాలనీలో జనం సాయంత్రం పూట పని దిగాక ఆ దూకుడు చూడటానికి గేటు దగ్గర గుమిగూడేవారు.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కబురు లేకుండా జీపు వచ్చి ఆగింది. ఇంజనీరుగారు దిగి గోడ బయటినుంచే “డ్యూక్!” అన్నారు.

ఇంకేముంది, దూకింది. నడుమెత్తు గోడ మీదుగా దూకి సరాసరి ఆయన గుండెలమీద పడింది. కళ్లజోడు ఒకవైపు, ఆయన ఒకవైపు. మట్టిలో కూర్చుని ఆయన దాన్ని కావలించుకుని అరవంలో ఏమేమో అంటూ నవ్వుతున్నారు. మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకుని పెరట్లోకి వచ్చారు.

తీగ నిండా ఎర్రటి తునకలు వేలాడుతున్నాయి.

ఆయన మొహం మాడిపోయింది. నా తెలివితేటలన్నీ ఎటు పోయాయో గానీ, నేను అక్క వెనక్కి చేరాను. అక్క పరుగున వెళ్లి కాగితం తెచ్చి రెండు చేతులా చాపింది. “మీరు రాసినట్టే చేశానయ్యా. పచ్చిది ఒక్క తునకైనా పెట్టలా. అంతా ఎండుదే.” నేను వెనకనుంచి, “డ్రై సర్. యు రోట్ డ్రై సర్” అన్నాను.

ఆయన కాగితం చూశారు, తీగ చూశారు. గబగబా లోపలికి వెళ్లి దొరసాని డబ్బా తెచ్చారు. మూత చుట్టూ వేలు తిప్పి చూశారు. అతికించిన జిగురు కాగితం అతికించినట్టే ఉంది.

“దిస్ ఈజ్ డ్రై ఫుడ్,” అన్నారు నెమ్మదిగా. “డ్యూక్ బిస్కెట్స్.”

నేను అక్కకు చెప్పాను. చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి, తప్పు నాదేనని ఒకవైపు, ఆ రోజు ఆ చేతిమీద దెబ్బ పడకపోతే నేనేం తిని ఉండేదాన్నోనని మరొకవైపు.

“కుక్కకా!” అంది అక్క. “అయ్యగారివనుకుని ముట్టలా అయ్యా.”

ఈసారి ఆయనకు నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన జిగురు కాగితం చింపి ఒక బిస్కెట్ తీసి డ్యూక్ ముందు పెట్టారు. అది వాసన చూసింది, మర్యాదకు ఒకసారి నాకింది, వెళ్లి తీగ కింద కూర్చుని అక్క వైపు చూసింది. అంతే, ఇంజనీరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ తీగను చూడలేక పక్కకు తిరిగి మళ్లీ నవ్వారు.

మర్నాడు గుమస్తా, మద్రాసులో తల్లీబిడ్డా క్షేమమన్న కబురుతో పాటు ఆర్డరు కాగితం తెచ్చాడు. నేను మూడుసార్లు చదివి, డిక్షనరీ ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి ఇంకోసారి చూసుకుని అప్పుడు చెప్పాను: గెస్ట్‌హౌస్ వంటమనిషి గ్రేసమ్మ. ఆమె మట్టితట్టను ఇంటికి తెచ్చి బోర్లించి దానికింద కోడిపిల్లల్ని కమ్మింది. మళ్లీ దాన్ని నెత్తికెత్తలేదు. మరుసటి వేసవికి నేను వెళ్లేసరికి నడినెత్తిన బొటనవేలంత జుట్టు వచ్చింది. దువ్వెన నా చేతికిచ్చి, “దువ్వవే” అంది.

అరవై మూడులో ఇంజనీరుగారికి మద్రాసు బదిలీ అయింది. డ్యూక్ వెళ్లిపోయిన రోజు గ్రేసమ్మక్క గెస్ట్‌హౌస్‌లో కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. పది రోజులకు టెలిగ్రాం వచ్చింది. సెలవుల్లో నేనక్కడే ఉన్నాను. టెలిగ్రాం అంటే చావుకబురే అని ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను చదివాను.

“డ్యూక్ నాట్ ఈటింగ్. సెండ్ డ్రై.”

“ఏందంట?” అంది కళ్లు తెరవకుండానే.

“ఎండుది పంపమంటున్నారక్కా.”

ఆమె కళ్లు తెరిచి నవ్వింది. అప్పటికే మజీదును కేకేస్తూ బయటికి పరుగెత్తుతోంది. నేను మొదటే చెప్పాను, డ్రై అంటే ఎండు అని.