మా ఆడపడుచు చివరి తనిఖీ

మా ఆడపడుచు పోయిన సంగతి మన తెలుగు సంఘం గ్రూపులో చూసే ఉంటారు. ఆ కబురు కిందే కార్యదర్శిగారు "ఆవిడ అస్థికలకి ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఘోర అవమానం జరిగింది" అని రాశారు. దండాల బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. కార్యదర్శిగారూ, చిన్న సవరణ. అవమానం జరిగిన మాట నిజమే. చేసింది ఎయిర్‌పోర్టువాళ్ళు కాదు, నేను.

ఆమెని ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా వారి చెల్లెలు. గురుగ్రామ్‌లో ఒక్కతే ఉండేది. విమానంలో పనిచేస్తూ, కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పేది. మొన్న సెలవురోజు పొద్దున్నే గుండె ఆగిపోయింది. బల్ల మీద కప్పులో టీ సగం అలాగే ఉంది.

సాకేత్‌లో మా ఇంటికి ఎప్పుడొచ్చినా గుమ్మం పక్కన స్టీలు పళ్ళెంలో వాచీ, తాళాలు, జడపిన్నులు తీసి పెట్టేది. ఎవరూ అడగరు. "ఇదేమన్నా ఎయిర్‌పోర్టా అమ్మాయ్?" అంటే, "చేతులకి అలవాటైపోయింది వదినా" అని నవ్వేది. వెళ్ళేటప్పుడు అన్నీ తీసుకుని ఒక పిన్ను మరిచిపోయేది. ఆ పిన్నులన్నిటితో నేను కొప్పు పెట్టుకోవచ్చు, జుట్టంటూ ఉంటే.

రోజూ ఎగిరే సిబ్బందికి ఎయిర్‌పోర్టులో వేరే లైను ఉంటుంది. మనలాంటివాళ్ళు దాన్ని చూసి, వాళ్ళని ఊరికే వదిలేస్తారనుకుంటాం. ఒకసారి నేనూ ఎత్తిపొడిచాను. "నమ్మకస్తుల్లో చేరిపోయావుగా, ఇంకా నీకు సోదాలేమిటి?"

"నమ్మారు గనక తొందరగా చూస్తారు వదినా. చూడడం మానేస్తారని నీకెవరు చెప్పారు?"

"మరి నీ పేరు చెప్తే మమ్మల్ని త్వరగా పంపుతారా?"

"నా పేరు చెప్తే ఇంకోసారి చూస్తారు."

మాతో కలిసి ప్రయాణం చేసినప్పుడు మామూలు లైన్లోనే నిలబడేది. వాళ్ళు అడక్కముందే బ్యాగు జిప్పు తీసి పట్టుకునేది. నా బ్యాగులో ఆవకాయ సీసా దొరికినప్పుడు మాత్రం నన్నెరగనట్టు పక్కకి తిరిగింది. సీసా పోయింది. విమానం దిగేదాకా నేను మాట్లాడలేదు. ఆమె మాత్రం కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

అలాంటి మనిషిని గోదావరిలో కలపడానికి రాజమండ్రి తీసుకెళ్ళాలి. మా అబ్బాయి కాగితాలన్నీ సిద్ధం చేశాడు. పాత్ర సంగతి నేను చూస్తానన్నాను. దళసరి రాగి చెంబు కొన్నాను. దారిలో ఒలుకుతుందని మూతకి సీసం కరిగించి మాటు వేయించాను. నలుగురూ చూసి ఎంత బాగా సాగనంపారో అనుకోవాలని కూడా ఉంది, అబద్ధం ఎందుకు?

ఎయిర్‌పోర్టులో తిన్నగా సిబ్బంది లైన్లోకి నడిచాను. "అమ్మా, మన లైను అటు" అన్నాడు మా అబ్బాయి. వినలేదు. ఆమె గుర్తింపు కార్డు నా సంచిలో ఉంది. అది ఆఫీసుకి తిరిగి ఇచ్చెయ్యాల్సింది. బతికుండగా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. దాన్ని తీసి, ఈవిడే ఈ చెంబులో ఉంది, మీ మనిషే, పంపండి అన్నాను.

భద్రతావాళ్ళ అమ్మాయి కార్డు తీసుకుని పక్కన పెట్టింది. చెంబుని ట్రేలో పెట్టమంది. ఎక్స్‌రే తెర మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడలేదట. "మాజీ, యే ఖోల్‌నా పడేగా" అంది, తెరవాలమ్మా అని. తెరవడానికి లేదు, మాటు వేయించానుగా!

అప్పుడు నోరు చేసుకున్నాను. నాకొచ్చిన మూడు భాషల్లోనూ. జీవితమంతా మీ ముందు చేతులు చాచి నిలబడింది, చచ్చాక కూడా వదలరా అన్నాను. ఆ అమ్మాయి, "మాజీ, ఆరామ్ సే. హమ్ హాథ్ జోడ్ కే దేఖేంగే" అంది. దండం పెట్టుకునే చూస్తాం అంటోంది. అంతకంటే మర్యాద ఏముంటుంది? నేను ఇంకా గొంతు పెంచాను.

నా వెనక లైన్లో యూనిఫాంలో ఇద్దరు ఆడపిల్లలు. మా ఆడపడుచు దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. దహనానికి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. వాళ్ళు నా వంక చూడలేదు. తలలు దించుకుని, ఎవరూ అడక్కుండానే వాచీలు తీసి ట్రేలో పెట్టారు, ఆమె పెట్టినట్టే. అది చూశాక చెంబుని ట్రేలోంచి తీసుకుని లైనులోంచి బయటికి వచ్చేశాను.

విమానం వెళ్ళిపోయింది. తిరిగొస్తుంటే ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో మా అబ్బాయి అడిగాడు, "అత్త ఉంటే ఏమనేదమ్మా?"

"ఏమీ అనేది కాదు. పక్కకి తిరిగి నిలబడేది."

కార్డు వాళ్ళ ఆఫీసుకి చేరిందట. భద్రతావాళ్ళ అమ్మాయికి క్షమాపణ చెప్పాలి. పేరు అడగలేదు. తిట్టేటప్పుడు పేరుతో పనిలేదుగా! అస్థికలు ఇంట్లోకి తేకూడదంటారు కదా, ఆ చెంబు మా బాల్కనీలో కొక్కేనికి వేలాడుతోంది. ఎండ పడితే తళతళా మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా నేను కర్టెన్ వేసేస్తున్నాను.

ఎల్లుండి మళ్ళీ బయల్దేరుతున్నాం, ఈసారి మామూలు లైన్లో. మాటు ఊడదీసేవాడు రేపు పొద్దున్నే వస్తాడు. కార్యదర్శిగారూ, మీ ఇంటి దగ్గర మొక్కల కుండీలమ్మే భయ్యా ఉన్నాడుగా. ఇవాళ సాయంత్రం అటు వెళ్తే ఒక మట్టి ముంత తెచ్చిపెట్టండి. రంగులూ పువ్వులూ ఉన్నది వద్దు. మూత వదులుగా ఉండాలి. ఎవరు అడిగినా, అడక్కముందే, తీసి చూపించేలా ఉండాలి.