గుండెకు పట్టిన గ్యాస్

మా ఇంట్లో గుండె జబ్బు అనే మాట ఉండేది కాదు. గ్యాస్ ఉండేది. ఛాతీలో మంట వస్తే గ్యాస్, వీపులో పోటు వస్తే గ్యాస్, ఎడమ చెయ్యి గుంజినా గ్యాసే. మా బాపు కూడా గ్యాస్‌తోనే పోయాడని బోధన్‌లో మా వాడకట్టంతా ఇప్పటికీ నమ్ముతుంది.

ఆయన చెరుకు తోటల్లో పనికి పోయేవాడు. ఆ రోజు కూడా పొద్దున్నే చెరుకు కొట్టి వచ్చి, అరుగు మీద కూర్చొని ఛాతీ రుద్దుకున్నాడు. సోడా తెమ్మన్నాడు. నిమ్మకాయ పిండి ఉప్పు కలిపి ఇస్తే గటగటా తాగి, గట్టిగా తేన్చి, "పోయింది" అని లోపలికి వెళ్లి పడుకున్నాడు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం అన్నానికి లేపుదామని అక్క లోపలికి పోతే ఆయన లేవలేదు. చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట, గ్యాస్ గుండెకు పట్టిందని. ఆ మాట అక్క మనసులో అలాగే నాటుకుపోయింది. నాకు మాత్రం ఎవరైనా గట్టిగా తేన్చితే ఈ రోజుకీ భయం వేస్తుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

అక్క బోధన్‌లోనే ఉంటుంది, బీడీలు చుడుతుంది. నేను నిజామాబాద్‌లో గాజుల దుకాణం నడుపుతాను. వీలు చిక్కిన ఆదివారం వెళ్లి ఆమె చాట పక్కన కూర్చొని వస్తాను.

బీడీలు చుట్టేవాళ్ల పొద్దు ఒక పద్ధతిలో మొదలవుతుంది. తడిపి గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు విప్పి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసిన చాట ఒళ్లో పెట్టుకుంటారు. ఒకసారి తంబాకులో పడ్డాక ఆ చేత్తో ఏది తిన్నా చేదే. కాబట్టి తినేది ఏదైనా ముందే తినాలి. అక్క వాళ్ల వాడకట్టులో ఆ ముందే తినే తిండి పోయి, దాని బదులు గ్యాస్ గోలి, చాయ్ వచ్చాయి. ఆ రెండూ పడ్డాక మధ్యాహ్నం దాకా ఎవరూ లేవరు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగరు. ఖాళీ కడుపు మండుతుంది, దానికి ఇంకో గోలి. ఒకరి దగ్గర అయిపోతే పక్క చాట నుంచి వస్తుంది, వక్క పలుకు అడిగినంత తేలిగ్గా.

పోయిన చలికాలం ఒక ఆదివారం వాళ్ల మధ్య కూర్చొని ఉన్నాను. చాయ్ గ్లాసు అందుకోబోయిన అక్క కుడిచేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. బొటనవేలు అరచేతిలోకి ఒరిగింది, మిగతా వేళ్లు దాని మీదికి వంగాయి. అచ్చం బీడీ చుడుతున్నట్టే ఉంది. చేతిలో ఆకు మాత్రం లేదు.

"సూడుర్రి, అక్క ఆకు లేకుంటనే సుడుతున్నది!" అంది పక్కింటామె. అందరూ నవ్వారు.

అక్క కూడా నవ్వింది. "నిద్రల గూడ గిట్లనే సుడుతనట చెల్లె. మీ బావ ఒక్కటే నవ్వుడు."

నేనూ నవ్వబోయాను. అంతలో ఆమె రెండో చెయ్యి ఛాతీ మీదికి పోయింది. నాకు అరుగు మీద కూర్చున్న బాపు కనిపించాడు.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. గుండె దడదడ కొట్టుకుంటది, ఒక్కసారి ఆగినట్టయితది, మల్ల కొట్టుకుంటది. గ్యాస్."

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే పక్క చాట మీంచి గోలీల పట్టీ వచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది, నా పుట్టుకే అంత. ఆ పట్టీ గుంజుకొని నా సంచిలో పడేశాను.

"లే. నిజామాబాద్ పోదాం."

"గిన్ని ఆకులు తడిపి పెట్టిన. ఎండిపోతయ్."

"ఎండనియ్!"

నా అరుపుకి వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. అక్క చేతులు కడుక్కొని లేచింది.

బస్సు ఎడపల్లి దాటేదాకా చెరుకు ట్రాక్టర్ల వెనకే పాకింది. నేను లోపల్లోపల డ్రైవర్‌ని, ట్రాక్టర్ని, చెరుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను. అక్క గట్టిగా తేన్చి, "తక్కువైంది చెల్లె, వాపస్ పోదాం" అంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి ఆసుపత్రిలో డాక్టర్ ఈసీజీ కాగితాన్ని చాలాసేపు చూశాడు. గుండె లయ తప్పుతోందని, అక్క అక్కడే ఉండాలని అన్నాడు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాడు.

"ఏం లేవు సార్. బీపీ గోలి ఒక్కటే" అంది అక్క. నేనూ తల ఊపాను. ఇద్దరికీ అది అబద్ధమని తోచలేదు.

రక్తంలో పొటాషియం తగ్గిందని తేలింది. దానికి మందు ఎక్కించారు. మర్నాటి పొద్దునకీ అది కుదురుకోలేదు. మంచం పక్కన తెర మీద పచ్చగీత సాఫీగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి గంతు వేసేది. నేను దాని మీంచి చూపు తిప్పలేదు. "గట్ల కండ్లార్పకుంట సూడకు, దిష్టి తగుల్తది" అని అక్క నన్నే కసిరింది.

డాక్టర్ వచ్చి కాగితాలు తిరగేస్తుండగా అక్క నా కొంగు లాగింది. "చాయ్ తాగక ముందట గోలి ఏసుకోవాలె. నీ సంచిల ఉన్నది గద, ఇయ్యి."

డాక్టర్ తలెత్తాడు. "ఏం గోలీ?"

"మందు కాదు సార్, గ్యాస్ గోలి."

"రోజూ వేసుకుంటారా?"

"పొద్దున ఒకటి. మంట లేస్తె ఇంకోటి."

"ఎప్పటి నుంచి?"

అక్క నా మొహం చూసింది. "మా బాపు పోయినప్పటి సంది. ఆయన గ్యాస్ గుండెకు పట్టి పోయిండు సార్. నాకు గూడ గట్ల కావద్దని."

ఇన్నేళ్లలో ఆ మాట నాతో కూడా అనలేదు. ఆ గోలి కడుపు కోసం అనుకున్నాను. ఆమె దాన్ని గుండె కోసం వేసుకుంటోంది.

డాక్టర్ స్టూలు లాక్కొని కూర్చున్నాడు. రక్తంలో మెగ్నీషియం అని ఒక ఖనిజం ఉంటుందన్నాడు. అది బాగా తగ్గితే పొటాషియం నిలవదు, వేళ్లూ పిక్కలూ పట్టేస్తాయి, గుండె కొట్టుకోవడం గాడి తప్పుతుంది. ఇలాంటి గోలీలు ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరి పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. అక్క బీపీ గోలి మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకం కాబట్టి ఉన్నదీ బయటికి పోతుంది. తెల్లన్నం, పచ్చడి, చాయ్‌తో వచ్చేది ఎలాగూ తక్కువే.

పరీక్ష చేస్తే మెగ్నీషియం అట్టడుగున ఉంది. వదిలేసి ఉంటే గుండెకే ప్రమాదమయ్యేదన్నాడు. "మీ నాన్నగారిది గుండెపోటే అయి ఉండొచ్చమ్మా, ఇప్పుడు ఖాయంగా చెప్పలేం. మీరిద్దరూ మాత్రం గుండె పరీక్షలు మానొద్దు" అని లేచాడు.

గుండెను కాపాడుకుందామని మింగిన గోలీలే గుండె మీదికి తెచ్చాయి. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. చివరికి ఆనాటి సోడా మీద కోప్పడ్డాను.

మెగ్నీషియం ఎక్కించాక పచ్చగీత గంతులు తగ్గాయి. అక్క వేళ్లు చాపి, ముడిచి, మళ్లీ చాపి చూసుకుంది. డాక్టర్ బీపీ గోలి మార్చాడు, గ్యాస్ గోలి మాన్పించి కడుపుకి వేరే మందు రాశాడు. కొన్నాళ్లు మంట ఎక్కువే ఉంటుందని ముందే చెప్పాడు. మెగ్నీషియం దొరుకుతుందని నేను జొన్నపిండి, పల్లీలు, నువ్వులు, గుమ్మడి గింజలు ఒక సంచి నిండా మోసుకెళ్లాను. "గుమ్మడి గింజలు ఒల్సుకుంట కూసుంటె బీడీలెవలు సుడుతరే?" అని తిట్టింది. తిట్టిందంటే బాగున్నట్టే అనుకున్నాను.

బాగుంది కానీ నిమ్మళం లేదు. ఒకప్పుడు ఏ నొప్పికైనా గ్యాస్ అనుకుంటే భయం పోయేది. ఇప్పుడు ఆ మాట మాకు పనికిరాకుండా పోయింది. అక్క ఫోన్ చేస్తే చాలు, ఎత్తకముందే చెప్పులు వెతుక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒకావిడకు గాజులు ఎక్కిస్తున్నాను. ఫోన్ మోగింది.

"చెల్లె, మంట లేస్తున్నది. గిది గ్యాసా, గుండెనా?"

"నాకేం ఎర్కనే! ఆటో ఎక్కు. గాడ దవాఖానకు పోయి ఈసీజీ తీపిచ్చుకో. నేనొస్తున్న."

ఆకులు ఎండిపోతాయంటుందని అరవడానికి సిద్ధంగా ఉన్నాను. "పోతున్న" అంది, అంతే. గాజులు సగం ఎక్కిన చేతిని అలాగే వదిలేసి నేను చెప్పులు వేసుకున్నాను.

బోధన్ దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చొని ఉంది. ఈసీజీ కాగితాన్ని ఒళ్లో పరచుకొని, ముడతలు పోయేలా అరచేత్తో రాస్తోంది. వేళ్లు చాపే ఉన్నాయి. నేను దగ్గరికి పోయేదాకా తల ఎత్తలేదు.

"గుండె మంచిగనే ఉన్నదట" అంది. "గ్యాసేనట చెల్లె."

నవ్వుతుందనుకున్నాను. ఆమె కాగితాన్ని మెల్లగా మడిచింది.

"బాపు గూడ గిట్ల అచ్చి అడిగి ఉంటె బతికెటోడు గదనే."