నదికి మొదటి గిన్నె

లూవా అక్కకు ఈత రాదు. కాన్ థో ఊళ్లో నది ఒడ్డునే పుట్టి ఈత నేర్వకపోవడమేమిటని అడిగితే, "నూడుల్స్ అమ్ముకునేదానికి ఈతెందుకే, నేనేమన్నా చేపనా?" అనేది. ఓ వర్షాకాలపు ఉదయం కావడి భుజాన వేసుకుని పడవ దిగబోతూ, పడవకీ రేవుకీ మధ్య సందులో జారిపడింది. ప్రవాహం ఆమెను పడవ కిందికి లాగేసింది. పైన గుర్రపుడెక్క తప్ప ఏమీ కనబడలేదు. పడవ నడిపే ఖామ్ దూకాడు. ఒకసారి ఉత్తి చేతులతో తేలి మళ్లీ మునిగాడు. ఈసారి ఆమె జుట్టు దొరికింది. ఒడ్డున పడుకోబెడితే బురదనీళ్లు కక్కి కళ్లు తెరిచింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. నీళ్లలో చచ్చినవాళ్ల దయ్యం తన చోట ఇంకొకరిని ముంచితేగాని విడుదల కాదని మావాళ్ల నమ్మకం. దాని నోటి ముందు కూడు లాక్కున్నవాణ్ని అది వదలదట. ఖామ్‌తో పాటు తామూ మునుగుతామని జనం పక్క రేవుకు పోసాగారు. ప్రాణం కాపాడినవాడి పొట్ట కొట్టారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

లూవా అక్క ఒడ్డున అమ్మడం మానేసి, పొయ్యీ కుండా తెచ్చి ఖామ్ పడవలో పెట్టింది.

"ఇక్కడికి తెచ్చియ్యవే," అంది అగరొత్తులమ్మే ముసలి థోవా.

"కావాలంటే పడవెక్కు పిన్నీ."

"నన్ను దయ్యానికి అప్పజెబుతావా?"

"నిన్నేం చేసుకుంటుంది? నమల్లేక తిప్పి పంపుద్ది."

ఎవరూ ఎక్కలేదు. కొన్నాళ్లు వాళ్లిద్దరే ఖాళీ పడవలో అటూ ఇటూ తిరిగారు. చివరికి సిగ్గేసి నేనెక్కి, బల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

నది మధ్యలో ఆమె ఖామ్‌ని అడిగింది. "నీకూ భయమేనా తమ్ముడూ?"

"భయమే అక్కా."

"మరి ఆ రోజు?"

"దూకేటప్పుడూ భయమే. ఆ దయ్యం కథ చెబుతూనే మా అమ్మ నన్ను పెంచింది."

లూవా అక్క కుండ మూత తీసింది. తర్వాత మొదటి గిన్నెలో మాంసం ముక్కలు ఎక్కువే వేసి నీళ్లలోకి వంపింది.

"ఇదీ నీ వాటా. రోజూ పెడతా. మా తమ్ముడి జోలికొచ్చావో, ఇది కూడా దక్కదు," అంది నదితో.

రెండో గిన్నె ఖామ్‌కిచ్చింది.

మేం ముగ్గురం క్షేమంగా తిరిగి వచ్చేసరికి థోవా సొంత గిన్నె పట్టుకుని రేవులో నిలబడి ఉంది.

"అంచున కూర్చోను. మధ్యలో చోటియ్యి," అంది.

లూవా అక్క లేచి, తాను పడిన ఆ సందు మీదుగా చెయ్యి అందించింది.