చెయ్యి వేసే ముందు అడగవలసిన మాట

మొన్న మిస్సిసాగాలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, నేను పదేళ్లు పనిచేసిన మసాజ్ సెంటర్ ఉన్నచోట ఫోన్ల దుకాణం కనిపించింది. చాలాసేపు ఆ అద్దాల ముందే నిలబడిపోయాను.

అక్కడే ఒక హవాయి పెద్దావిడ నాకు లోమీలోమీ నేర్పింది. నలుగులూ తలంట్లూ చూస్తూ పెరిగినదాన్ని కనుక, మోచేతులతో భుజం నుంచి మడమ దాకా ఆగకుండా సాగే వాళ్ల నూనె మర్దనా నాకు తొందరగానే పట్టుబడింది గాని, ఆవిడ దాన్ని మర్దనా అంటే ఒప్పుకునేది కాదు, ప్రార్థన అనేది. బల్ల మీద పడుకున్న మనిషికీ మనకూ మధ్య తప్పేదైనా జరిగి ఉంటే ముందు నోరు తెరిచి క్షమించమని అడగాలి, తర్వాత దేవుణ్ణి తలచుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. వాళ్ల పెద్దల నాటి కట్టుబాటది. ముక్కూ మొహం తెలియని కస్టమర్లతో నాకా అవసరం ఎప్పుడూ రాలేదు.

మన పిల్లలు చదువులకని ఈ దేశంలో విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. మా అక్క కూతుర్ని సార్నియా కాలేజీకి రప్పించింది నేనే. బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని అది మొత్తుకుంటున్నా, ఇక్కడైతే పీఆర్, అంటే శాశ్వతంగా ఉండిపోయే హక్కు, చేతిలో పెట్టినట్టేనని అక్కను ఒప్పించి, కోర్సు కూడా నేనే ఎంచాను. తీరా చదువు చివరికొచ్చాక ఆ కోర్సుకు వర్క్ పర్మిట్ రాదని తేలింది. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి మోసి నడుం పట్టేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం బ్రాంప్టన్‌లో మా ఇంటికొచ్చి నా బల్ల మీద బోర్లా పడుకుంది.

నూనె గోరువెచ్చగా చేసి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నాను. అంతకుముందు అడగవలసిన మాట మాత్రం గొంతు దాటలేదు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను క్షమాపణ అడిగితే వాళ్లకు ఆయుక్షీణమని మన తరం విననిదా? ఆ సాకు నాకు చక్కగా అక్కరకొచ్చింది. నిజానికి అడ్డొచ్చింది నా అహం, అంతే. గంటసేపు రుద్దినా దాని వీపు కర్రలా బిగిసే ఉంది.

"చాల్లే పిన్నీ. టికెట్ బుక్ చేసుకున్నా, ఎల్లుండే ఫ్లైట్," అంది లేచి కూర్చుంటూ. "నువ్వేమైనా అంటావేమో అనుకున్నా."

"నడుం జాగ్రత్తమ్మా," అన్నాను.

ఇప్పుడు మా వీధిలో ఆ చదువుకునే పిల్లలు అద్దెకుండే బేస్‌మెంట్లు చాలావరకు ఖాళీ. పెద్దావిడ కాలం చేసింది. మా పిల్లకు ఆ బెంగళూరు ఉద్యోగం మళ్లీ రాలేదని, నడుమూ కుదురుకోలేదని అక్క చెబుతుంది. ఈ దేశం వచ్చాక బస్సులో ఎవరి భుజం తగిలినా సారీ అనడం నాకు అలవాటైపోయింది. అదే మాట దానికి చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తదు. ఎత్తినా మళ్లీ నడుం ఎలా ఉందనే అడుగుతానేమోనని నా భయం.